నాలుగు చేతుల నల్లబంతి

నేను ఒక నల్లటి ప్లాస్టిక్ బంతిని. నిమ్మకాయంత ఉంటాను, ఒంటి మీద నాలుగు బొక్కలు. చూసి నవ్వకండి! అవి చిల్లులు కావు, చేతులు. సైన్సు పాఠంలో నా హోదా కార్బన్ పరమాణువు. మీరు తినే అన్నంలో, కట్టే నూలుబట్టలో, ఆఖరికి మీ ఒంట్లో కూడా ఉన్నది మావాళ్ళే. కాస్త గర్వపడితే తప్పా?

పుట్టింది ఎక్కడో ఒక అచ్చుల కార్ఖానాలో. నాతోపాటు ఆక్సిజన్ పేరుతో ఎర్రబంతులు, హైడ్రోజన్ పేరుతో తెల్లబంతులు పుట్టాయి. అందరినీ ఒకే పెట్టెలో సర్ది పలాస దగ్గర ఒక హైస్కూలుకు పంపారు. అక్కడి పాత మాస్టారు మమ్మల్ని ఎంతో ప్రేమగా అందుకుని, "పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయి" అని బీరువాలో పెట్టి తాళం వేశారు. పదకొండేళ్ళు! పిల్లల కోసం కొన్నదాన్ని పిల్లల నుంచే కాపాడటం మనుషులకే చెల్లింది. బీరువా అవతల వాళ్ళు "అణువు అనగా..." అంటూ గొంతు చించుకుని బట్టీ పడుతుంటే, ఒరే, నేనిక్కడున్నానర్రా అని అరవాలనిపించేది.

ఆ మాస్టారు రిటైరయ్యారు. వరహాలమ్మ టీచరు వచ్చింది. వచ్చిన వారానికే బీరువా తెరిచింది! తెల్లబంతులూ, మమ్మల్ని కలిపే పుల్లలూ అప్పటికే ఎలుకల పాలయ్యాయి. ఆవిడ ఏమీ బెంగపడలేదు. మర్నాడు ఇంటి నుంచి నానబెట్టిన శనగలూ, చీపురు పుల్లల కట్టా తెచ్చింది. శనగలే హైడ్రోజన్‌లు, పుల్లలే బంధాలు.

అప్పుడే పైడితల్లిని చూశాను. పదో తరగతి. వాళ్ళమ్మ జీడి బట్టీలో పిక్కలు కొట్టి పప్పు తీస్తుంది. సెలవు రోజుల్లో ఈ పిల్లా వెళ్తుంది కాబట్టి జీడిరసం తగిలి వేళ్ళ కొసలు నా రంగులోకి వచ్చేశాయి. సైన్సులో రెండు పరీక్షలు వరసగా తప్పింది. పబ్లిక్‌లో కూడా తప్పితే ఇక చదువు మాన్పించి బట్టీలో కూర్చోబెడతానని తల్లి తేల్చి చెప్పేసింది. పైడితల్లికి పాఠం మొత్తం కంఠతా వచ్చు. కానీ పరీక్షలో ఆక్సిజన్ సంయోగ పదార్థమని రాసింది, రెండు పరమాణువులు కలిసి ఉన్నాయి కదా అని!

టీచరు ఆ పిల్ల చేత ఒక ఎర్రబంతికి రెండు శనగలు గుచ్చించి, "ఇదీ నీటి అణువు. అందరికీ చూపించు" అంది. పైడితల్లి రెండు బెంచీలు దాటేసరికి ఒక శనగ మాయమైంది.

"మేడమ్! పైడి హైడ్రోజన్ తినీసిందండి!" అని వెనక బెంచీ గోల పెట్టింది.

టీచరు తిట్టలేదు. "ఇప్పుడు నీ చేతిలో ఉన్నది నీళ్ళేనా?"

పైడితల్లి నమలడం ఆపింది. "కాదండి... ఒక్కటి పోయినా నీల్లు కావండి."

టీచరు రెండు ఎర్రబంతుల్ని రెండు పుల్లలతో కలిపి ముందు పెట్టింది. "మరి ఇది?"

"ఇదీ అణువేనండి. గానీ రెండూ ఒకే రకం... ఓలమ్మో! వేరే రకం కలిస్తేనే సంయోగ పదార్థం!"

ఆ పిల్ల కళ్ళు చూడాలి మీరు! వెంటనే నన్ను లాక్కుని నాలుగు చేతుల్లోనూ నాలుగు శనగలు గుచ్చేసింది. మీథేన్! పదకొండేళ్ళ తర్వాత నాకు చేతినిండా పని. ఆనందం పట్టలేకపోయాను. పరీక్షలయ్యేదాకా ఉంచుకోమని టీచరు నన్ను ఆ పిల్లకే ఇచ్చింది.

అదే కొంప ముంచబోయింది. ధైర్యం కోసమని నన్ను పరీక్ష హాలుకు తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. వేరే బడి నుంచి ఇన్విజిలేటరుగా వచ్చిన సోషల్ మాస్టారు తాతారావు నన్ను చటుక్కున పట్టుకున్నారు. "ఏటమ్మా ఇది? కాపీయా? డిబారైపోతావు తెలుసా?" చీటీలున్నాయేమోనని నా నాలుగు బొక్కల్లోనూ గుండుసూది పెట్టి పొడిచారు. నాకు చక్కిలిగింత, పైడితల్లికి ప్రాణసంకటం. ఏమీ దొరక్క, హాల్‌టికెట్ నంబరు రాసుకుని నన్ను తన బల్ల మీద పెట్టుకున్నారు.

అణువుకూ సంయోగ పదార్థానికీ తేడా ఏమిటి, మీథేన్ బొమ్మ గీయండి. ప్రశ్న అదే! ఆ పిల్ల కలం అందుకుంది. తర్వాత వంచిన తల ఎత్తలేదు, నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు కొంచెం కష్టంగానే తోచిందనుకోండి.

గంట కొట్టాక వచ్చి, "సార్, నా కార్బన్ ఇచ్చీండి" అంది.

"ఈ బంతి కార్బనేటమ్మా?"

నిలబడే మొత్తం చెప్పేసింది. ఎవరికి ఎన్ని చేతులో, ఎవరితో ఎవరు కలిస్తే ఏమవుతుందో! మాస్టారు నోరు తెరుచుకుని విన్నారు. "నేను ఇదంతా బట్టీపట్టి పాసైపోయానమ్మా. అర్థమవడం ఇప్పుడే" అన్నారు.

"అయితే ఉంచీండి సార్. మా మేడమ్‌కి నాను సెప్తాను."

అలా మాస్టారింటికి చేరాను. ఫలితాల రోజు ఆయన పొద్దుటినుంచీ ఫోను పట్టుకుని, రాసుకున్న ఆ హాల్‌టికెట్ నంబరే కొడుతూ కూర్చున్నారు. ఉన్నట్టుండి ఒక్క కేక! "పాసు! సైన్సులో డెబ్బై ఒకటి!"

ఆయన భార్య వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఎవరండీ? మన చుట్టాలమ్మాయా?"

మాస్టారు నన్ను గాల్లోకి ఎగరేసి పట్టుకున్నారు.

"కాదే, మా సైన్సు టీచరు!"