బూడిద అంటిన వడ్లు

బస్తాలో చెయ్యి పెడితే అవి తిండి వడ్లో, విత్తనపు వడ్లో చెప్పగలను. తిండి వడ్లు ముట్టుకుంటే చేతికి దుమ్ము అంటుతుంది, విత్తనమైతే బూడిద. పురుగు పట్టకుండా బూడిద, వేపాకు కలిపి, గడ్డితో బిగించి కట్టి దూలానికి వేలాడదీస్తారు గుండ్లవాగు ఊరివాళ్లు. ఎంత ఆకలేసినా ఆ ముడి విప్పరు.

1988 జూన్ పదమూడు, సోమవారం. యోహాను పాస్టరు రెండు ఎడ్లబండ్ల మీద పద్నాలుగు బస్తాలు తెచ్చి నా కొట్టు ముందు దింపించాడు. మామూలుగా ఆయన తెచ్చేది ఒక్క సంచే. గుండ్లవాగు ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుడి పేర పక్కన తీసి, ఆదివారం ప్రార్థన పాకలో పోస్తారు. ఆ సంచి నాకిచ్చి ఆయన ఉప్పు, కిరసనాయిలు పట్టుకుపోయేవాడు. ఈసారి బస్తాలో పెట్టిన నా చెయ్యి మోచేతి దాకా బూడిదతో బయటికి వచ్చింది.

"అయ్యగారూ, ఇవి విత్తనాలు గదా!"

"అవును చెంచురామయ్య గారూ. వీటికి తెల్లగుడ్డ కావాలి. ఇరవై రెండు ఇళ్లకు."

"దేనికి?"

"ఈ శనివారం పొద్దు వాలేలోపు ప్రభువు వస్తాడు. సంఘం ఎత్తబడుతుంది."

యూదులకు దేశం ఏర్పడి నలభై ఏళ్లు నిండాయట. నలభై ఏళ్లంటే ఒక తరమట. ఆ తరం దాటకుండా బూర మోగుతుందట. నమ్మినవాళ్లు ఉన్నపళాన ఆకాశంలోకి లేస్తారట, మిగిలినవాళ్లకు ఏడేళ్ల శ్రమలట. ఇదంతా చెప్పి, తన చేతి గడియారం కూడా విప్పి బస్తాల మీద పెట్టాడు. అప్పుడు నాకు భయం వేసింది. మోసగాడైతే ఏదో ఒక బేరానికి లొంగేవాడు.

గడియారం తిరిగిచ్చేసి గుడ్డ ఇచ్చాను. నేను కాదంటే భద్రాచలంలో ఇంకొకరు ఇస్తారు, వడ్లు నేరుగా మిల్లుకు పోతాయి. నా గోదాములో ఉన్నంతసేపే అవి విత్తనాలు.

వాన ఆదివారం పడింది. గుండ్లవాగు చేలు ఏటవాలు ఎర్రచలకలు. దుక్కులు అయిపోయాయి, వెద చల్లడమే మిగిలింది. వాన తడికి నేల పదును ఆరు రోజులు ఉంటుంది, ఏడో రోజుకు బిగుసుకుపోతుంది. కిందటేడు మృగశిరలో ఒక్క వాన కురిసి మళ్లీ మబ్బే కనపడలేదు. ఈ శనివారం దాటితే గుండ్లవాగుకు ఈ ఏడు తిండి లేదు.

బుధవారం సైకిలు మీద వెళ్లాను. పశువుల తాళ్లన్నీ విప్పేశారు. మనుషులందరూ తెల్లబట్టలు కట్టుకుని పాకలో ఉపవాసం కూర్చున్నారు. గుమ్మం దగ్గర ఆదెమ్మ ఉంది. పదేళ్లుగా చింతపండు, ఇప్పపువ్వు నాకే వేస్తున్న మనిషి. కిందటేడు మొగుడు పగిడయ్య జ్వరంతో పోయాడు.

"ఏంది శావుకారూ, నువ్వు గూడ ఎత్తబడనీకి వచ్చినవా? నీ తరాజు బరువుకు లేవవు పో, ఈడనే ఉంటవ్."

"తరాజు కొట్లోనే పెట్టి వచ్చాలే. పదును ఆరిపోతోంది ఆదెమ్మా. మూడు రోజులే ఉంది."

"అవ్, మూడు రోజులే. శనివారం మా పగిడయ్య మన్నుల నుంచి లేస్తడు. సచ్చినోళ్లే ముందు లేస్తరంట. ఇగ ఇత్తులతోని పనేంది?"

"లేవకపోతే?"

పాకంతా నా వైపు తిరిగింది. సంఘపెద్ద బొజ్జయ్య లేచి నా సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "జల్దీ ఎల్లిపో శావుకారూ. గసొంటి మాట ఈడ అనొద్దు."

పాస్టరు అడ్డం వచ్చి నన్ను పక్కకు తీసుకువెళ్లాడు. నాకు తెలిసిన లెక్క చెప్పాను. "దేవుడు వస్తే, చల్లిన గింజ మట్టిలో పోతుంది, అంతే. రాకపోతే, చల్లనందుకు ఇరవై రెండు ఇళ్లు పోతాయి."

ఆయన పాక వైపు చూసి అన్నాడు. "నేను చల్లమంటే నాకే నమ్మకం లేదని వాళ్లకు అనుమానం పుడుతుంది. అనుమానించినవాళ్లు కింద మిగిలిపోతారు. ఆ పాపం నేను మోయలేనండీ."

సైకిలెక్కి వెనక్కి వచ్చేశాను.

గురువారం మిల్లు లారీ వచ్చింది. సరుకు తడిసిందని చెప్పి ఉత్తదే పంపేశాను. శుక్రవారం తెల్లవారగానే పద్నాలుగు బస్తాలూ బండ్ల మీద వేయించి నేనే గుండ్లవాగు తోలించాను. బొజ్జయ్య మళ్లీ అడ్డం వచ్చాడు. అతనితో మాట్లాడకుండా ఆదెమ్మను అడిగాను.

"మిమ్మల్ని ఎత్తే చోటు ఏదో తెలియకుండా ఈ సరుకు ఎక్కడ దింపను ఆదెమ్మా? ఆయన వచ్చేటప్పుడు మీరు ఎక్కడుండాలి? పాకలోనే అని వాక్యంలో ఉందా?"

ఆదెమ్మకు చదువు రాదు. విన్న వాక్యం మాత్రం మరిచిపోదు. "ఇద్దరు చేన్ల ఉంటరంట. ఒకల్ని తీస్కపోతడు, ఒకల్ని ఇడిసిపెడ్తడు. ఇద్దరు ఆడోళ్లు తిరగలి ఇసురుతుంటరంట..." అని ఆగిపోయి పాస్టరు వైపు చూసింది. "అయ్యగారూ, పాకల కూసున్నోళ్ల మాట ఏడనన్న ఉన్నదా?"

ఆయన బైబిలు తెరిచి చాలాసేపు పేజీలు తిప్పాడు.

"లేదమ్మా. పని చేస్తున్నవాళ్ల మాటే ఉంది."

"గట్లయితే నేను చేన్లకే పోత. ఈ పాక మా ఆయన పొయినంక ఏసిండ్రు. లేస్తే గిస్తే నన్ను ఆడనే ఎతుకుతడు."

బొజ్జయ్య తనే వచ్చి మొదటి బస్తా కుట్లు విప్పాడు. ఎవరి గింజ ఎవరిదో పోల్చుకునే వీల్లేదు. ఇంటికింత అని గంపలతో కొలిచి పంచాం.

శుక్రవారం, శనివారం గుండ్లవాగు తెల్లబట్టల్లోనే వెద చల్లింది. పాస్టరు కూడా గంప పట్టాడు. చల్లేటప్పుడు నేల వైపు, నాలుగడుగులకోసారి ఆకాశం వైపు చూస్తున్నారు. ఆదెమ్మకు సాయం లేదని ఆమె చేలో నేను గంప మోశాను.

శనివారం పొద్దు వాలబోతుండగా పడమట మబ్బు లేచింది. గాలి ఎర్రమట్టిని ఎత్తి మొహాన కొట్టింది. పెద్ద ఉరుము. అన్ని చేలల్లోనూ చేతులు పైకి లేచాయి. ఎవరో ప్రభువా అని అరిచారు. అప్పుడు నాకు లెక్క తట్టింది, ఆ చేలో ఉన్నది మేమిద్దరమే. మెరుపుకు కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి పక్కన ఆదెమ్మ లేదు. ఆమె గంప నేల మీద ఉంది. చుట్టూ దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. యాభై రెండేళ్లొచ్చిన మనిషిని, చిన్నపిల్లాడిలా అరిచాను.

"ఆదెమ్మా! ఆదెమ్మా!"

గాలి కొంచెం తగ్గాక కనిపించింది. చేను చివర పగిడయ్యను పూడ్చిన చోట కూర్చుని, మట్టి మీద అరచెయ్యి ఆనించి ఉంది. దగ్గరికి వెళ్లాను. వాన చినుకులు మొదలయ్యాయి.

"మన్ను కదల్లే శావుకారూ," అంది.

పొద్దు పూర్తిగా వాలింది. ఆమె చేతికంటిన మట్టి తెల్లచీరకు తుడుచుకుంది.

"గంపల గింజలు ఇంకా ఉన్నయా?"

"ఉన్నాయి."

"తే మరి. వాన బలంగ రాకముందే ఒడగొడదాం. అయినా గంతగనం అరిచినవేంది? నన్ను తీస్కపోయి నిన్ను ఇడిసిండనుకున్నవా?"

గంప తెచ్చి అందించాను. ఆమె మొదటి పిడికెడు పగిడయ్య పక్కనే చల్లింది.