వలగట్టు మీద కరెంటు

వీపు మీద లాఠీ విరిగినా జాయ్సీ దోనె అంచు వదల్లేదు.

దోనెలో ఆమె మొగుడు యోసేపు శవం ఉంది. కుడి అరచెయ్యి మాడిపోయి, వేళ్ల సందుల్లో కరిగిన నైలాను పోగులు అంటుకుని ఉన్నాయి. ఊరంతా కలిసి ఆ దోనెను భుజాల మీద మోసుకొచ్చి రిసార్టు గేటు ముందు దించింది. పోలీసులు శవాన్ని లాక్కుని ఏలూరు తీసుకుపోవాలని చూస్తున్నారు. ఇక్కణ్నించి కదిలిందంటే గుండె ఆగి పోయాడని తేల్చేస్తారు. చంపినవాడు ఎవరో తేలందే కదలనివ్వకూడదని జాయ్సీ పంతం.

"గొడవొద్దు తల్లీ. పోస్టుమార్టం కానిద్దాం" అని కళ్లు తుడుచుకుంటూ బతిమాలుతున్నాడు మత్స్యకారుల సొసైటీ ప్రెసిడెంటు నిత్యానందం. తెల్లారినప్పటి నుంచి శవం పక్కనే ఉన్నాడాయన.

కొల్లేటికోట అవతలి ఆ లంకలో తాతల నాటి నుంచీ వలలు ఆరేసేది ఆ గట్టు మీదే. పక్షుల్ని చూడ్డానికొచ్చే దొరబాబుల కోసం అక్కడ అద్దాల గదుల రిసార్టు లేచింది. సొసైటీ పెద్దలకి అందులో వాటాలున్నాయని ఊళ్లో గుసగుస. వలలు వేలాడేసే కర్రలు పీకేసి ఇనుప తీగ కట్టారు. జనం అలవాటు మానలేదు. కర్ర లేకపోతేనేం, తీగ ఉందిగా అని తడి వలలు దాని మీదే పరిచారు. నిన్నటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు. ఇవాళ పొద్దున్నే యోసేపు వల పరిచాడు. మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.

"అది సోలార్ ఫెన్సింగమ్మా. జివ్వుమంటుందంతే. మీవాడు తాగున్నాడు" అన్నాడు ఎస్సై.

యోసేపు తల్లి వరమ్మ ముందుకొచ్చింది. "జివ్వుమంటుందంతే కదండీ ఎస్సైగారూ. ఓసారి పట్టుకోండి మరి. కాళ్ల తిమ్మిర్లు కూడా పోతాయండి."

ఏడుస్తున్న జనం ఆ ఏడుపులోనే గొల్లున నవ్వారు. ఎస్సై మొహం గంటు పెట్టుకున్నాడు.

"మెయిన్ ఆపేశామండీ. ఇప్పుడసలు కరెంటే లేదు" అన్నాడు రిసార్టు మేనేజరు గేటు లోపలి నుంచి.

"ఐతే మీరు పట్టుకోండి బాబూ!" అంది వరమ్మ.

మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. జాయ్సీ దోనెలోంచి తడి వల తీసుకుని తిన్నగా తీగ వైపు నడిచింది.

"ఆగవే! ముట్టుకోకు, కరెంటుంది!"

అరిచింది నిత్యానందం.

జాయ్సీ తిరిగి చూసింది. "ఆపేశామని మేనేజరు చెప్తుంటే, ఉందని మీకెట్టా తెలుసండీ ప్రెసిడెంటుగారూ?"

"అది కాదే... నీ మంచికే చెప్పాను."

కరెంటాఫీసులో లైను హెల్పరుగా చేసే నెహెమ్యా అప్పటికే తీగ మొదట్లో వంగి చూస్తున్నాడు. నల్లటి కేబులొకటి తీగకు తగిలించి ఉంది. అది రిసార్టులోకి పోవడం లేదు. బురదలోకి దిగి, రొయ్యల చెరువుల వైపు పోతోంది.

"సోలారూ కాదు, గాడిద గుడ్డూ కాదు. ఇది త్రీఫేజు!" అంటూ ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పరిగెత్తి స్విచ్చి దించేశాడు. చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"లాగండ్రా!" అన్నాడు నెహెమ్యా.

జనం కేబులు మీద పడ్డారు. పెద్ద వల లాగడం ఆ ఊరికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మడమలు బురదలో దిగ్గొట్టారు. వరమ్మ గొంతెత్తి ‘హైలెస్సా’ అని అదును చెప్పింది. ఒక్క ఊపుతో కేబులు బురద చీల్చుకుని లేచింది.

అది ఎటు పోతోందో జనం కంటే ముందు ఎస్సైకి అర్థమైంది. "కొట్టండి!" అని కేక పెట్టాడు.

లాఠీలు లేచాయి. రిసార్టు కాపలావాళ్లు ఇనప రాడ్లతో దిగారు. ముందు వరసలో లాగుతున్న కృపానందం తల పగిలి, నెత్తురు కళ్లల్లోకి కారి పడిపోయాడు. అతని కూతురు తండ్రిని దాటి వచ్చి కేబులు అందుకుంది. రాడ్డు దెబ్బకు నెహెమ్యా వేళ్లు నుజ్జయ్యాయి. మోచేతికి కేబులు చుట్టుకుని మళ్లీ లాగాడు. ఆడవాళ్లు బురద ముద్దలు కాపలావాళ్ల కళ్లలో కొట్టారు. వరమ్మ దోనె గెడ తిప్పి ఒకడి మోకాలు విరగ్గొట్టింది. ఒకరు పడితే ఇంకొకరు పట్టుకున్నారు. కేబులు మాత్రం ఎవరూ వదల్లేదు.

ఫెళఫెళమని చప్పుడు. చెరువు గట్టు మీద మోటారు షెడ్డు రేకు తలుపు ఊడొచ్చింది. దాని వెనకే గోడ పెళ్లలతో సహా స్టార్టరు డబ్బా బురదలోకి దొర్లింది.

ఆ చెరువు ఎవరిదో లంకలో తెలియనివాళ్లు లేరు. జనం వెనక్కి తిరిగేసరికి నిత్యానందం పోలీసు జీపు వైపు పరిగెడుతున్నాడు. ఎస్సై స్వయంగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఊరంతా అది చూసింది.

కానిస్టేబుళ్లు జాయ్సీని జుట్టు పట్టి ఈడ్చి వ్యాన్‌లోకి తోశారు. నోట్లో నెత్తురు ఉమ్మి, కిటికీ ఊచలు పట్టుకుని, శవం ముందు, జనం ముందు, లాఠీల ముందు అరిచింది.

"ఎస్సైగారూ, రాసుకోండి! మా ఓట్లతో ప్రెసిడెంటయ్యి, రిసార్టులో వాటా పుచ్చుకుని, వలలు ఆరేసే చేతులకి తన మోటారు కరెంటు పెట్టినోడు. నా మొగుణ్ని చంపింది నిత్యానందం!"