దొరసాని చిక్కం

మేస్త్రికీ ఆయన భార్యకీ పన్నెండేళ్ళుగా ఒకటే తగవు. పిల్ల చదువు గురించి కాదు, ఇంటి ఖర్చు గురించీ కాదు. పొట్టి గుర్రం కాళ్ళ గురించి. మేస్త్రి నలభై ఏళ్ళు గుర్రాలకు లాడాలు కొట్టి బతికిన మనిషి. అలాంటివాడి ఇంట్లో గుర్రం వట్టి గిట్టలతో తిరుగుతుంటే దర్జీ పిల్లలు చిరుగు చొక్కాలతో బడికెళ్ళినట్టు ఉంటుందని ఆయన బాధ. కనిపించిన ప్రతివాడితోనూ ఈ మాట చెప్పేవాడు, అడిగినా అడక్కపోయినా.

గుర్రం మాత్రం ఆవిడది. దాని వీపుకు చెరో పక్క పాల క్యాన్లు వేలాడదీసి, రోజూ పొద్దున్నే గుట్ట మీది రాళ్ళ క్వారీ ఇళ్ళకు పాలు పోసి వచ్చేది. గోధుమరంగు ఒళ్ళు, కళ్ళ మీదికి పడే జూలు. ఎవరు పిలిచినా కాసేపు ఆలోచించి గానీ తల తిప్పదు, అందుకని దొరసాని అని పేరు పెట్టింది. గుట్టదారి పొడుగునా పదునైన కంకర. అయినా మేస్త్రి భార్య, ఆ మహాతల్లి, దానికి ఇనుము కొట్టనిచ్చేది కాదు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అనేవాడు మేస్త్రి. "రాళ్ళ మీద నడిచే గుర్రానికి లాడం లేకపోతే ఎలాగే?"

"మేకు దిగిన కాలికంటే మేకు దిగని కాలే గట్టిది. మీకంత సరదాగా ఉంటే మీ కాళ్ళకి కొట్టుకోండి," అనేది ఆవిడ.

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడంలో ఇద్దరూ ఇద్దరే. గిట్టల అంచులు అరగదీయడానికి ఆకురాయి కూడా ఆయన చేతికి ఇచ్చేది కాదు, తనే పట్టేది. నీళ్ళ తొట్టి చుట్టూ గులకరాళ్ళు గంపలకొద్దీ తెచ్చి పరిచింది, దొరసాని నీళ్ళు తాగినంతసేపూ వాటి మీదే నిలబడాలి, అరికాళ్ళు గట్టిపడాలి. పైగా ఈ నాలుగేళ్ళుగా, ఇంటి వెనకున్న పచ్చికలోకి వదిలేటప్పుడల్లా మూతికి తాళ్ళతో అల్లిన చిక్కం కట్టేది. చిక్కం సందుల్లోంచి దొరికితే నాలుగు పరకలు, లేకపోతే లేదు. ఎదురుగా పచ్చిక పెట్టి నోరు కట్టేయడం చూస్తే మేస్త్రికి ఒళ్ళు మండేది.

"పిసినారిదానా, గడ్డేగా! దానికి కూడా లెక్కేనా?"

"దొరసానులకి నడుం సన్నగా ఉండాలండీ," అని నవ్వేసి లోపలికి పోయేది. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు.

చలికాలం చివర్లో ఆవిడకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మూడు వారాలు ఆసుపత్రి మంచం మీద ఉంది. చివరి రోజుల్లో మాట రావడమే కష్టమైంది. ఒక మధ్యాహ్నం మేస్త్రి మణికట్టు పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని, "దానికి ఇనుము కొట్టకండి," అంది. "కొట్టనే, ఒట్టు," అన్నాడాయన. పన్నెండేళ్ళ తగవులో మొదటిసారి ఓడిపోయాడు. అంత ఇష్టంగా ఎవరూ ఎప్పుడూ ఓడిపోయి ఉండరు. మర్నాటికి ఆవిడ లేదు.

ఇల్లు బావురుమంది. పక్కింటివాళ్ళు పలకరించి వెళ్ళిపోయారు. నర్సుగా పనిచేసే కూతురు పది రోజులుండి, ఆదివారం ఆదివారం వస్తానని చెప్పి తన ఇంటికి వెళ్ళింది. మిగిలింది మేస్త్రి, దొరసాని. ఒకరోజు దాని మూతికి చిక్కం కట్టబోయి ఆయన ఆగిపోయాడు. 'మనకేమో తిండి సయించదు. తినగలిగిన నోరైనా తిననీ' అనుకున్నాడు. చిక్కాన్ని కొట్టం గోడకున్న మేకుకు తగిలించాడు. ఆ ఏడు వానలు ముందే పడి పచ్చిక మోకాళ్ళెత్తు లేచింది. దొరసాని కళ్ళు మూసుకుని, మొదలంటా కొరికి, చప్పుడు చేస్తూ తినేది. ఆయన గట్టు మీద కూర్చుని చూసేవాడు. ఆ ఇంట్లో సంతోషంగా ఉన్న ప్రాణి అదొక్కటే. దాన్ని చూస్తున్నంతసేపూ ఆయనకు కొంచెం బాగుండేది.

"బాగా బొద్దుగా అయింది నాన్నా, మెడ చూడు ఎంత లావైందో," అంది కూతురు ఒక ఆదివారం.

"మీ అమ్మ కడుపు మాడ్చిందమ్మా దాన్ని. ఇప్పుడు తేరుకుంది."

పాలు పోసే పని ఆయనే అందుకున్నాడు. రెండో నెలలో దొరసాని నడక మారింది. దారి మధ్యలో నడవకుండా పక్కనున్న మట్టి మీదికి జరిగేది. కంకర తగిలితే అడుగు వేయబోయి ఆగి, ఇంకోచోట వేసేది. మేస్త్రి వంగి గిట్ట ఎత్తి చూశాడు. ఇన్నేళ్ళూ తను మొత్తుకున్నది ఇదే కదా! రాళ్ళు. వట్టి కాళ్ళకు రాళ్ళు. ఇక ఆయన కళ్ళకు రాళ్ళు తప్ప మరొకటి కనిపించలేదు. ముందు తొట్టి చుట్టూ ఉన్న గులకరాళ్ళన్నీ పారతో ఎత్తి పెరట్లో పోశాడు. తర్వాత రోజూ తెల్లవారుజామునే బకెట్టు పట్టుకుని గుట్టదారి ఎక్కి, దొరసాని అడుగు పడే మేర కంకర ఏరడం మొదలుపెట్టాడు.

"ఏం మేస్త్రీ, గుట్ట మొత్తం ఏరేస్తావా? మా పని పోగొడతావా ఏంటి?" అని క్వారీవాళ్ళు నవ్వేవాళ్ళు.

"మీ గుట్ట మీకే ఉంటుంది గానీ, ఈ దారి మా దొరసానిది," అనేవాడు.

నడుం పట్టేసేది. గోళ్ళు విరిగాయి. పెరట్లో రాళ్ళగుట్ట నడుమెత్తు లేచింది. ఇంత చేసినా దొరసాని కుంటు ఎక్కువైందే గానీ తగ్గలేదు. ఒక సాయంత్రం అటక మీంచి లాడాల పెట్టె దించాడు. సమ్మెట, పట్టకారు, దాని కాలికి సరిపోయే నాలుగు లాడాలు, అన్నీ ఉన్నాయి. ఇనుము కొట్టు, రెండు రోజుల్లో నడుస్తుంది అంది నలభై ఏళ్ళ అనుభవం. ఒట్టు వేశావు అంది మనసు. పెట్టె మూసి, మళ్ళీ అటకెక్కించాడు. లాడం కొట్టని ఆ పాపాన్ని దానికి పచ్చిక ఇంకో గంట ఎక్కువ మేపి కడుక్కున్నాడు.

ఒకరోజు పిలిచినా అది గేటు దగ్గరికి రాలేదు. ముందుకాళ్ళు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. గిట్టల మీద చెయ్యి వేస్తే కాలుతున్నాయి. ఆ నిలబడే తీరు మేస్త్రి చూడనిది కాదు. దాణా బస్తా చింపుకుని గింజలు మెక్కిన గుర్రాలు అలాగే నిలబడేవి. కానీ దీనికి ఆయన గింజ కూడా పెట్టలేదే!

పశువుల డాక్టరమ్మ వచ్చింది. కాలి వెనక నాడి పట్టి చూసింది. గిట్ట కింద పట్టకారుతో నొక్కితే దొరసాని వణికింది. డాక్టరమ్మ లేచి నిలబడి, పచ్చిక వైపు చూసి, గోడకు వేలాడుతున్న చిక్కం వైపు చూసింది.

"ఇది ఎప్పుడు తీసేశారు మేస్త్రిగారూ?"

"మూడు నెలలైంది. కడుపారా తింటుందని..."

"ఆవిడ మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "నాలుగేళ్ళ కిందట దీనికి ఇదే జబ్బు చేసింది. అప్పుడు మీరు లాయంలో పనికని నెల రోజులు వేరే ఊళ్ళో ఉన్నారు. లేతగడ్డిలో తీపి ఎక్కువ, ఇలాంటి పొట్టి గుర్రాలకి పడదు. గిట్ట లోపల ఎముకని పట్టి ఉంచే పొర వాచిపోతుంది. వాచిన కాలికి ప్రతి రాయీ గుచ్చుకుంటుంది. తప్పు రాళ్ళది కాదు మేస్త్రిగారూ. చిక్కం కట్టమన్నాను, ఎండుగడ్డి పెట్టమన్నాను. ఆవిడ ఒక్కరోజు కూడా తప్పలేదు."

"నాతో ఒక్క ముక్క అనలేదే!"

"చెప్పమన్నాను. 'అమ్మో, చెబితే ఇంకేమన్నా ఉందా! వట్టి కాళ్ళతో తిప్పితే ఇంతేనని ఆ పూటే లాడాల పెట్టె దించుతారు. ఈ తగవులో మాత్రం నేను ఓడను' అని నవ్వింది."

అచ్చం ఆవిడ మాటే. మేస్త్రికి నవ్వొచ్చింది, నిజంగానే వచ్చింది. నవ్వుతూనే వెళ్ళి రాళ్ళగుట్ట మీద కూలబడ్డాడు. చిక్కం రోజూ ఆయన కళ్ళ ముందే కట్టింది. అది ఆయన తీసేస్తాడని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు. భయపడింది ఇనుముకు. అందుకే ఆ చివరి ఊపిరిని ఇనుము మాటకు ఖర్చు చేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఆయన అన్ని ఆకులూ పట్టుకున్నాడు. కొట్టంలో మోకాలి లోతు రంపపు పొట్టు పరిచాడు. ఎండుగడ్డిని నీళ్ళలో నానబెట్టి, తీపి దిగేదాకా ఉంచి, పిండి పెట్టాడు. పూటపూటా మందు వేశాడు, గిట్టలకు చన్నీళ్ళు పట్టాడు. పన్నెండో రోజు డాక్టరమ్మ మళ్ళీ వచ్చి కాళ్ళకు ఎక్స్‌రే తీసింది. బొమ్మ ఆయన చేతికిచ్చి వేలితో చూపించింది. లోపలి ఎముక జారి, అరికాలిని చీల్చడానికి సిద్ధంగా ఉంది. రెండు ముందుకాళ్ళలోనూ అంతే. నలభై ఏళ్ళు గిట్టలు పట్టుకున్న చేతులవి. గిట్ట లోపలిదాన్ని చూడటం అదే మొదలు.

"ఇంకా నిలబెడితే హింసించినట్టే," అంది డాక్టరమ్మ.

మేస్త్రి బొమ్మను తిరిగి ఆమె చేతికిచ్చాడు. తర్వాత, "దానికి నొప్పి తెలియకూడదు," అన్నాడు.

"తెలియనివ్వను. ముందు ఏమన్నా పెడతారా? ఇప్పుడు ఏం తిన్నా ఫరవాలేదు."

ఆయన పచ్చికలోకి వెళ్ళాడు. లేతది చూసి రెండు పిడికిళ్ళు పీక్కొచ్చాడు. దొరసాని కాసేపు ఆలోచించి తల తిప్పింది. ఆయన అరచేతుల్లోంచి పరక కూడా వదలకుండా, కళ్ళు మూసుకుని, చప్పుడు చేస్తూ తింది. ఇంకా ఉందేమోనని అరచెయ్యి నాకింది. డాక్టరమ్మ సూది గుచ్చేటప్పుడు ఆయన ఆ చెయ్యి తీయలేదు.

ఆదివారం కూతురు వచ్చేసరికి మేస్త్రి పెరట్లోంచి రాళ్ళు బకెట్లతో మోస్తున్నాడు. కంకర పక్కకు నెట్టి, గులకరాళ్ళు మాత్రం ఏరుకుని, తొట్టి చుట్టూ పరుస్తున్నాడు.

"ఇప్పుడెందుకు నాన్నా ఇవి? ఎవరు నడుస్తారు వాటి మీద?"

"మీ అమ్మ పరిచింది. ఎలా ఉండేవో అలా ఉండనీ."

కూతురు లోపలికి వెళ్ళింది. ఆయన ఆఖరి బకెట్టు బోర్లించి, తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకు చిక్కం వేలాడుతోంది.

"ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేదే!" అన్నాడు పైకే. అని ఏడ్చాడు. ఆవిడ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఎందుకంటే, చెప్పి ఉంటే తనేం చేసేవాడో ఆయనకు బాగా తెలుసు. ఆ పూటే అటకెక్కి పెట్టె దించేవాడు. నవ్వుతూ దించేవాడు.