పల్లీలు మాడబోయిన రోజు

ఆడపడుచు బుజ్జికి బస్సు డ్రైవరు ఉద్యోగం వచ్చింది. సోమవారమే మొదటి డ్యూటీ. ఆదివారం పొద్దున్నే అన్నగారింటికి వచ్చి, తలుపు తీయగానే సుడిగాలిలా వంటింట్లోకి దూరింది.

"వదినా! రేపు డిపోలో అందరి నోరూ తీపి చెయ్యాలి. కొన్నది కాదు, మనం చేసిందే ఉండాలి. లోపల పీనట్ బటరు, పైన చాక్లెట్టు. నలభై ఉండలు!"

"నలభయ్యా? నువ్వెప్పుడైనా చేశావా బుజ్జీ?"

"బస్సు మాత్రం పుడుతూనే నడిపానా ఏంటి?"

ఆ ఇంటి కోడలు నవ్వుతూ చేతులు కడుక్కుంది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోని చెయ్యి ఆమెది. నలభై ఉండలు ఒకే కొలతలో చెయ్యాలనగానే ఆమెకీ హుషారు పుట్టింది. రైల్లో డ్యూటీకి వెళ్ళిన మొగుడు సాయంత్రానికి గాని రాడు. వంటిల్లంతా వాళ్ళదే.

ముందు గదిలో మామగారొక్కరే పేపరు చదువుకుంటున్నారు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు రుచి చూసే ఉద్యోగం చేసిన మనిషి. మూత తీయకుండానే డబ్బాలో ఏ బిస్కెట్టుందో చెప్పేవారట. రెండేళ్ళ కిందట ఒక జ్వరం వచ్చి ఆయన ముక్కుకు వాసనన్నదే తెలియకుండా చేసిపోయింది. ఉప్పూ తీపీ నాలుకకు తెలుస్తాయి, అంతే. మిగతాదంతా అట్టముక్క నమిలినట్టే. ఉద్యోగం మానేశారు. వంటింటి గడప తొక్కడమూ మానేశారు. "ఇప్పుడు నా ముక్కు మీద మిగిలింది కోపమొక్కటే" అని ఆయనే అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు గాని కోడలికి నవ్వు వచ్చేది కాదు. ఆయన కంచం ముందు కూర్చుని, మందు మింగినట్టు అన్నం మింగడం రోజూ చూసేది ఆమే కదా.

మొదటి వాయి వేరుశనగలు బాణలిలో పడ్డాయి. మాడతాయేమోనన్న భయంతో కోడలు తొందరగానే దించేసింది. చల్లారాక ఇద్దరూ అరచేతులతో నలిపి పొట్టు ఊదారు. పొట్టంతా ఎగిరి బుజ్జి జుట్టులో పడింది. మిక్సీలో వేసి తిప్పితే ముందు పొడి అయింది. తర్వాత ముద్దకట్టి గిన్నె అంచులకు అతుక్కుంది.

"ఇది కుదిరేలా లేదు వదినా. పిండి ముద్దలా ఉంది."

"ఆగు, నూనె వదలాలి. అంచులు గీకి మళ్ళీ తిప్పు."

నాలుగోసారి తిప్పేసరికి ముద్ద కాస్తా మెత్తబడి, నిగనిగలాడుతూ జారింది. బుజ్జి ఎగిరి గంతేసింది. చక్కెర పొడి, కాస్త వెన్న, చిటికెడు ఉప్పు, నలిపిన బిస్కెట్ల పొడి కలిపారు. ఉండ చేసి చూస్తే సరిగ్గా ఇరవై రెండుకు లెక్క తేలింది. ఇంకో వాయి వేయించక తప్పదు.

రెండో వాయి పొయ్యి మీద పెట్టి, ఈ పొట్టు పారబోసి వద్దామని ఇద్దరూ వెనక బాల్కనీలోకి వెళ్ళారు. అక్కడ బుజ్జి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, పెద్ద మలుపులో బస్సు ఎలా తిప్పాలో చూపించడం మొదలుపెట్టింది. మధ్యలో హారను కూడా కొట్టింది. కోడలు కడుపు పట్టుకుని నవ్వుతోంది. పొయ్యి మాట ఇద్దరికీ గుర్తులేదు.

"ఏమర్రా! పల్లీలు మాడుతున్నాయి! మంట తగ్గించండి!"

ముందు గదిలోంచి కేక. ఇద్దరూ ఒక్క పరుగున వెళ్ళారు. కోడలు పొయ్యి కట్టేసి, బాణలి దించి గరిటెతో గబగబా కలిపింది. గింజలు ముదురు రంగుకు తిరిగాయి గాని నల్లబడలేదు. ఇంకో నిమిషమైతే బుగ్గే.

"అమ్మయ్య, మామయ్య చెప్పబట్టి సరిపోయింది" అని కోడలు ఊపిరి పీల్చుకుంది. బుజ్జి మాత్రం పళ్ళెం కింద పెట్టి ముందు గది వైపు చూసింది.

"వదినా... నాన్నకెలా తెలిసింది?"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ముందు గదిలోంచి పొయ్యి కనపడదు. పొగ రాలేదు. చప్పుడూ లేదు.

ఇద్దరూ తలుపు దగ్గరకు వెళ్ళి తొంగిచూశారు. మామగారు లేచి నిలబడి ఉన్నారు. పేపరు కాళ్ళ దగ్గర పడి ఉంది. ఆయన తన ముక్కును తానే కొత్తగా చూస్తున్నట్టు వేలితో తాకుతున్నారు.

"కోడలా," అన్నారు మెల్లగా, "నాకు వాసన వచ్చిందమ్మా."

ఆ తర్వాత అరగంట ఆ ఇల్లు ఇల్లులా లేదు. బుజ్జి తండ్రి కళ్ళకు తువ్వాలు కట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. కోడలు వంటింట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఆయన ముక్కు దగ్గరకు తెచ్చింది. కాఫీ పొడి పెడితే తల అడ్డంగా ఊపారు. ఉల్లిపాయ, సబ్బు పెట్టినా అంతే. నిమ్మకాయ చెక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం వాడిపోయింది.

"పొరబడ్డానేమో. వదిలెయ్యండి."

కోడలు వెళ్ళి వేయించిన పల్లీలు గుప్పెడు తెచ్చి, అరచేతిలో నలిపి చెయ్యి చాపింది.

"ఇవి పల్లీలు!" మామగారు తువ్వాలు పీకేశారు. "పొట్టుతో సహా వస్తోంది!"

బుజ్జి పెట్టిన కేకకు పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది. ఆవిడకు సంగతి చెప్పబోయి ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు గాని, పాపం తనూ చప్పట్లు కొట్టింది.

ఇంక ఆయన్ని పట్టేవాళ్ళు లేరు. రెండేళ్ళ తర్వాత వంటింట్లోకి అడుగుపెట్టి, కుర్చీ వేయించుకుని, కలిపి ఉంచిన ముద్దలోంచి చిటికెడు నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"పచ్చి వాసన. మొదటి వాయి వేగలేదు. ఎవరు దించారు?"

"నేనే మామయ్యా," అంది కోడలు. జీవితంలో తిట్టు తిని అంత సంబరపడటం ఆమెకు అదే మొదలు.

"ఆ మాడబోయినవి కూడా రుబ్బి ఇందులో కలుపు. అప్పుడు సరిపోతుంది."

కలిపారు. నిజంగానే రుచి మారిపోయింది. ఉండలు ఫ్రిజ్‌లో గట్టిపడేలోపు వేడినీళ్ళ మీద గిన్నె పెట్టి చాక్లెట్టు కరిగించారు. "తడి గరిటె పెట్టకే! చుక్క నీళ్ళు పడితే ఇసకలా విరుగుతుంది!" అని కూతురి మీద కేకలు. "ఫోర్కును గిన్నె అంచుకు తట్టి, ఎక్కువైంది కారనివ్వమ్మా, కింద మడుగు కట్టకూడదు" అని కోడలికి పాఠాలు. అంతలో మాట ఆపి గిన్నె మీదకు వంగారు.

"ఇదీ... కొంచెం తెలుస్తోంది. చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది."

చెప్పి, చటుక్కున కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. కోడలు ఒక ఉండ ముంచి, బటర్ పేపరు మీద దించి, ఇంకోటి అందుకుంది.

సాయంత్రానికి నలభై ఆరు తేలాయి. మొగుడు రైలు దిగగానే ఫోను చేస్తే బుజ్జి లాక్కుని, "అన్నయ్యా, నాన్న నన్ను తిట్టాడు!" అని ఆనందంగా అరిచింది.

మర్నాడు తెల్లవారగానే యూనిఫాంలో వచ్చి డబ్బా తెరిచి చూసుకుంది. ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి. మామగారు పేపరు వెనక దాక్కున్నారు.

"నలభైకి ఒకటి తగ్గింది నాన్నా."

"డ్రైవరు తినకపోయినా పరవాలేదు," అన్నారాయన.

బుజ్జి డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. మామగారు తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నారు. ఉన్నట్టుండి ముక్కుపుటాలు కదిలాయి. రెయిలింగు పట్టుకుని కిందకు వంగి, వీధంతా వినపడేలా కేకేశారు.

"బుజ్జీ! బూట్లకు పాలిష్ వేశావా?"

"వేశా నాన్నా! ఎందుకూ?"

ఆయన కోడలి వైపు తిరిగారు. నవ్వు ముఖమంతా పరుచుకుంది.

"వేసిందిటమ్మా," అన్నారు.