టోపీ దిగితేనే లెక్క

మా ఇంట్లో మగవాళ్ళు టోపీ పెట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు. మా అమ్మ కాలం నుంచీ అంతే. గుమ్మం పక్కన మేకులున్నాయి, తగిలించి లోపలికి రావాలి. అలాంటిది డిసెంబరులో ఒక్క ఆదివారం మాత్రం, చర్చి నుంచి వచ్చి కోడివేపుడూ వేడి బిస్కెట్ రొట్టెలూ తిన్నాక, ముగ్గురు ముసలాళ్ళు టోపీలతో సహా నా ముందుగదిలో చేరతారు. నేను నోరు మూసుకుని కాఫీ పోస్తాను. నోరు మూసుకుని అన్నది మాటవరసకి. నా నోరు ఊరుకునే రకం కాదని మా ఊరు కేన్ ఫోర్క్‌లో అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం మాకో పని ఉంటుంది. ఆ ఏడాది వచ్చిన కంట్రీ పాటల వీడియోల్లో మంచివి పది ఏరి వరస కట్టాలి. మా ఆయన హోయిట్ స్ప్రాడ్లిన్ మా కౌంటీ కేబుల్ చానెల్లో శనివారం సాయంత్రం పాటలు వేస్తాడు. వయసులో ఉన్నప్పుడు నాష్‌విల్‌లో పేరున్న గాయకుల వెనకాల స్టీల్ గిటార్ వాయించాడు కాబట్టి, పాట విషయంలో తన మాటే వేదమని ఆయన నమ్మకం. క్రిస్మస్ ముందటి శనివారం ఆ పదీ వేస్తారు, పదోదానితో మొదలుపెట్టి ఒకటోదాని దాకా. ఇక ఫిబ్రవరి వచ్చేదాకా వెస్టర్ కప్ మంగలి షాపులో దాని మీదే తగువులు. ఆరుకి ఎక్కాల్సింది తొమ్మిదికి ఎలా దిగిందని వెస్టర్ని నిలదియ్యకుండా ఒక్కడూ గడ్డం గీయించుకోడు.

ఆ వెస్టరూ ఈ పాటలకి జడ్జీయే. మూడోవాడు లాంజో మేపుల్స్, ఊళ్ళో శవాల బండి తోలతాడు. నాలుగోదాన్ని నేను. ముగ్గురు మగాళ్ళ మధ్య ఒక ఆడది ఎందుకని మొదట్లో గొణిగారు గానీ, ఇల్లు నాది, టీవీ నాది, కాఫీ నాది.

మా పద్ధతి వేరు. మొదట సౌండు తీసేసి చూస్తాం. "పాట అన్నాక గుడ్డివాడికి కూడా బొమ్మ కనపడాలి, వీడియో అన్నాక చెవిటివాడికి కూడా కథ తెలియాలి" అంటాడు హోయిట్. చూస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. నచ్చితే టోపీ తీసి బల్లమీద వెల్లకిలా పెట్టాలి. బోర్లిస్తే అదృష్టం కారిపోతుందని మావాళ్ళ నమ్మకం. నలుగురి టోపీలూ దిగితేనే ఆ వీడియో వరసలోకి వస్తుంది, ఒక్క టోపీ తల మీద మిగిలినా పక్కకి పోతుంది. నాకు టోపీ అలవాటు లేదు కాబట్టి ఆ పూటకి మా నాన్న పాత ఫెల్టు టోపీ పెట్టుకుంటాను. చెవుల దాకా దిగిపోతుంది.

ఇక అసలు సంగతి. మా అమ్మాయి మార్లా నాష్‌విల్‌లో వీడియోలు తీస్తుంది. పాడేవాళ్ళు పాడుతుంటే ఎక్కడ నిలబడాలో, కెమెరా ఎటు చూడాలో చెప్పేది తనే. మంచి పేరు తెచ్చుకుంది. ఏటా తను తీసినదాంట్లో మంచిది మాకు పంపిస్తుంది. ఏటా వెస్టరూ, లాంజో, నేనూ టోపీలు దించుతాం. హోయిట్ టోపీ మాత్రం కదలదు. "సొంత పిల్లని నెత్తికెక్కించుకున్నాడని జనం అంటారు" అంటాడు. జనం అనరు, నాకు తెలుసు. జనానికి ఆ పిల్లంటే ప్రాణం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా పిల్ల రచ్చ గెలిచింది గానీ ఇంట్లోనే గెలవలేకపోయింది.

మొన్న నవంబరులో థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు గిన్నెలు తుడుస్తూ నాతో అంది. "అమ్మా, ఈసారి ఒకటి పంపిస్తున్నాను. ఇదే ఆఖరు. డాడీ టోపీ దిగకపోతే ఇంక పంపను. నా పని సంగతి ఈ ఇంట్లో ఎత్తను. వస్తాను, తింటాను, వెళ్తాను."

"మీ నాన్నకి చెప్పనా?"

"చెప్పావంటే నీతో మాట్లాడను. జాలిపడి తీసిన టోపీ నాకొద్దు."

చెప్పలేదు. ఆ మాట కడుపులో దాచుకోవడం నాకెంత కష్టమో దేవుడికే తెలియాలి.

ఆ ఆదివారం రానే వచ్చింది. నేను క్యాసెట్లు ఒకదాని తర్వాత ఒకటి పెడుతున్నాను. మొదటిదాంట్లో ఒక కుర్రాడు పొలం గట్టున నిలబడి పాడుతున్నాడు, బూటుకి మట్టి అంటితే ఒట్టు. నాలుగు టోపీలూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇంకోదాంట్లో మొగుడూ పెళ్ళాం నాణేలేసి బట్టలుతికే షాపులో, మిషన్లు తిరుగుతుంటే, పని అలసట మీద ఒకళ్ళమీద ఒకళ్ళు వాలి డాన్సు చేస్తారు. అతను కునుకు తీస్తూనే అడుగులు వేస్తాడు. దానికి మాత్రం అందరి టోపీలూ టపటపా దిగాయి.

మధ్యలో టేపు మార్చేటప్పుడు వెస్టర్ మొదలుపెట్టాడు. "ఒరేయ్ హోయిట్, పోయినేడు జలపాతం కింద తడుస్తూ పాడిన పిల్ల గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదురా. నాలుగో టోపీ నువ్విచ్చావుగా, పదో నంబరుకి ఎక్కింది."

"నేనెక్కడిచ్చాను? కొత్త టోపీ, ఉన్ని దురద పెట్టింది, గోక్కోడానికి తీశాను. అప్పుడు నువ్వేమన్నావు?"

"తీసిన టోపీ తీసినట్టే అన్నాను. ఎందుకు తీశావని ఎవడూ అడగడు. రూలు రూలే."

"షాపులో ఏడాది పొడుగునా నన్ను జలపాతం అనే పిలిచార్రా."

"నీకు స్నానం అవసరమని వాళ్ళకీ తెలిసినట్టుంది" అన్నాడు లాంజో. వాళ్ళు ముగ్గురూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు, ఇప్పటికీ అదే తంతు. నేను వాళ్ళ నవ్వు ఆగేదాకా ఆగి మార్లా క్యాసెట్ లోపలికి తోశాను.

మొదట్లో తెర కింద ఓ మూల పాట పేరూ, పాడినవాళ్ళ పేరూ, తీసినవాళ్ళ పేరూ పడతాయి. మార్లా స్ప్రాడ్లిన్ అని పడగానే హోయిట్ టోపీని రెండు చేతులతో పట్టుకుని కనుబొమల దాకా దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. వీపు మీద ఒకటి చరుద్దామనిపించింది గానీ మాట్లాడకూడదన్న రూలులో చరచడం కూడా వస్తుందేమోనని ఊరుకున్నాను.

కథ సౌండు లేకపోయినా తెలుస్తూనే ఉంది. ఒక ఒంటరి ముసలాయన. రోడ్డు పక్కన చెయ్యి ఎత్తి నిలబడితే బళ్ళు ఆగకుండా పోతాయి. కొట్లో ఆయన మాట్లాడబోతే ఎదుటివాడు గడియారం చూసుకుంటాడు. వరండాలో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. తర్వాత ఆయన కుర్చీ కూడా ఖాళీ అయింది.

అప్పుడొచ్చింది రోడ్డు. కెమెరాని కారు లోపల పెట్టింది మా పిల్ల. అద్దంలోంచి మనమే స్టీరింగు పట్టుకుని చూస్తున్నట్టుంది. కొండ మలుపు మీద, పట్టపగలు, లైట్లు వెలిగించుకుని బళ్ళు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ముందు నల్లటి శవాల బండి. మన కారు మెల్లగా పక్కకి జరిగి ఆగింది. పొలంలో ట్రాక్టరు మీద ఉన్నవాడు ఇంజను ఆపి నిలబడ్డాడు. ఇంటికప్పు బాగుచేస్తున్నవాళ్ళు సుత్తులు కిందపెట్టారు. ఉత్తరాలు పంచే ఆయన సంచీ దించాడు. బతికుండగా ఆయన కోసం ఆగని ఊరు ఇవాళ ఆగింది. నల్లబండి మనవైపు వస్తోంది, వస్తోంది, ఎంతకీ రాదు.

మా దగ్గర శవం ఎదురైతే బండి పక్కకి ఆపాలి, మగవాడు టోపీ తీసి గుండెకి ఆనించుకోవాలి. పోయింది ఎవరని అడగం. శత్రువైనా అంతే, ముక్కూ మొహం తెలియనివాడైనా అంతే. పిల్లలకి నడకతో పాటు నేర్పుతాం.

వెస్టర్ చెయ్యి తలమీదికి వెళ్ళింది. టోపీ గుండెల మీదికి వచ్చింది. లాంజో కూడా తీశాడు. నేను హోయిట్ వైపు చూశాను. ఆయన చూపు తెర మీదే ఉంది. కుడిచెయ్యి దానంతటది లేచింది. టోపీ తీశాడు, గుండెకి ఆనించుకున్నాడు, తల వంచాడు. బండి పూర్తిగా దాటిపోయేదాకా అలాగే ఉన్నాడు. ఆడవాళ్ళకి ఆ ఆచారం లేదు కాబట్టి నేనొక్కదాన్నే నెత్తిన టోపీతో, మూడు బోడిగుండ్లు చూస్తూ కూర్చున్నాను. నవ్వు తన్నుకొస్తోంది, ఏడుపూ తన్నుకొస్తోంది.

నేను మా నాన్న టోపీ తీసి, బల్లమీద వెల్లకిలా పెట్టి, చప్పుడయ్యేలా ఒకసారి తట్టాను. "నాలుగు" అన్నాను.

హోయిట్ ఉలిక్కిపడి టోపీ మళ్ళీ పెట్టుకోబోయాడు. వెస్టర్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఏడాదిగా ఆ పట్టు కోసమే చూస్తున్నాడు పాపం.

"తీసిన టోపీ తీసినట్టే" అన్నాడు వెస్టర్.

"నేను వీడియోకి తియ్యలేదురా. చచ్చిపోయినాయనకి తీశాను."

"ఎందుకు తీశావని ఎవడూ అడగడు. ఎవరన్నారీ మాట? నాకు వినపడ్డట్టే ఉంది, ఇందాకే."

"అది వేరు, ఇది వేరు. అక్కడ శవం పోతోంది. టోపీ తియ్యకపోతే మనిషినా నేను?"

లాంజో గొంతు సవరించుకున్నాడు. "హోయిట్, ఆ బండిలో ఎవరూ లేరురా."

"ఏంటి?"

"ఆ బండి మాదే. తోలింది నేనే. సెప్టెంబరులో మార్లా వచ్చి అడిగింది, నీకు చెప్పొద్దంది. వెనకాల కెమెరా సామానూ, శాండ్‌విచ్‌ల డబ్బా, చల్లని టీ ఉన్నాయి. శవం లేదు, శవపెట్టె కూడా లేదు. ఆ సంగతి తెలిసి కూడా ఇప్పుడు నా టోపీ నేనే తీశాను. ఎందుకో నాకూ తెలీదు."

ఇక నావల్ల కాలేదు.

"విన్నావుగా" అన్నాను. "నువ్వు తల వంచింది శాండ్‌విచ్‌ల డబ్బాకి. అందులో ముసలాయన ఉన్నాడని నీ చేత నమ్మించింది ఎవరు? సౌండు కూడా లేకుండా? ఇంకెలా తియ్యాలయ్యా వీడియో? జనం ఏమంటారో అని ఏటా టోపీ పట్టుకుని వేలాడావు. ఇవాళ జనం సంగతి గుర్తొచ్చిందా నీకు?"

ఆయన నావైపు చూడలేదు. టోపీ అంచు చుట్టూ వేళ్ళు తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆయన మొండివాడు, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఇప్పుడు కాదంటే మార్లా ఇంక ఎప్పటికీ నోరు విప్పదు. నోరు విప్పి ఆయనకి ఆ మాట చెప్పేద్దామా అనుకున్నాను. చెప్పలేదు.

"మళ్ళీ వెయ్యి" అన్నాడు. "సౌండుతో."

వేశాను. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు. రోడ్డు వచ్చినప్పుడు మాత్రం తెరిచాడు. అయిపోయాక టోపీని బల్లమీద వెల్లకిలా పెట్టాడు, నా టోపీ పక్కన, అంచుకి అంచు తగిలేలా. మొహంలో ఏం కనపడనివ్వలేదు గానీ కాఫీ కప్పు అందుకోబోయి వెస్టర్ కప్పు అందుకున్నాడు.

తర్వాత వరస కట్టడం మామూలే. నెగ్గిన క్యాసెట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తాం, అన్నిటికన్నా మంచిది పైన. ఎవరైనా ఒకదాన్ని పైకి జరపాలంటే కారణం చెప్పి జరపాలి. మార్లా క్యాసెట్‌ని వెస్టర్ ఐదు దాకా లాగాడు, లాంజో మూడు దాకా. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, తల్లిని కదా. హోయిట్ లేచి దాన్ని తీసి, బట్టలుతికే షాపు దానికి సరిగ్గా కింద పెట్టాడు.

"రెండు" అన్నాడు. "ఒకటి ఇచ్చేవాణ్ణే. ఆ రోడ్డు ముక్క మరీ సాగింది."

"పోనీలే, సొంత పిల్లని నెత్తికెక్కించుకున్నాడని ఎవరూ అనరు" అన్నాను. ఆయన ఆ మాటకి నవ్వాడు. కడుపు నిండింది నాకు.

ఆ ఇద్దరూ నేను చేసిన ఆపిల్ పై ముక్కలు పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయారు. నేను మార్లాకి ఫోన్ చేద్దామని వంటింట్లోకి వెళ్ళేసరికి హోయిట్ అప్పటికే గోడ ఫోన్ దగ్గర నిలబడి నంబరు తిప్పుతున్నాడు. మా ఇంట్లో ఫోన్ చెయ్యడం ఎప్పుడూ నా పనే. ఆయనకి ఒక చెవి సరిగ్గా వినపడదు, రిసీవరు దూరంగా పట్టుకుని మాట్లాడతాడు, అవతలివాళ్ళ మాట గదంతా వినపడుతుంది.

"మార్లా, డాడీని."

"అమ్మకేమైనా అయిందా?"

"మీ అమ్మకేం, గుండ్రాయిలా ఉంది. నీ క్యాసెట్ చూశాం. రెండో నంబరు."

ఈయన ఫోను తీగ వేలికి చుట్టుకున్నాడు. "ఒకటి రావాల్సింది. ఆ రోడ్డు దగ్గర మరీ సాగదీశావమ్మా. ఎవరూ చెప్పలేదా నీకు?"

"అందరూ చెప్పారు డాడీ. సగానికి కొయ్యమన్నారు."

"మరి కొయ్యలేదేం?"

"చిన్నప్పుడు నీ పక్క సీట్లో ఎన్నిసార్లు కూర్చోలేదు? నువ్వు బండి పక్కకి తియ్యాలి, ఇంజను ఆపాలి, అప్పుడు టోపీ తీస్తావు. ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అంతసేపూ ఉంచాను."

హోయిట్ చెయ్యి తలమీదికి పోయింది. అక్కడ టోపీ లేదు, ముందుగదిలో బల్లమీద ఉంది. కాసేపు ఆ చెయ్యి అలాగే ఉత్త తలమీద పెట్టుకుని నిలబడ్డాడు.

"పండక్కి ముందే రావే" అన్నాడు. "ఇంకా ఏం తీశావో అన్నీ పట్టుకురా. సౌండుతో చూద్దాం."