నలుగురు ఎక్కే పడవ

నీరజ సుద్దముక్కతో డాబా మీద గీత గీసుకుంటూ పోతుంటే, పక్కింటి భూదేవి బట్టలు ఆరేయడం ఆపి వచ్చి చూసింది.

“ఏం ముగ్గే ఇది, ఇంత పొడుగుంది?”

“ముగ్గు కాదత్తా, పడవ. మా బాపు కొంటా అంటున్న పడవ. ఇరవై ఎనిమిది అడుగులు.”

సూరత్ శివారు నవాగామ్‌లో వాళ్లు అద్దెకుండే ఇంటి డాబా మొత్తం ఇరవై నాలుగు అడుగులే. పడవ ముక్కు పిట్టగోడ దాకా పోయి ఆగిపోయింది. నీరజ గోడ మీదుగా కిందికి వంగి చూసి పకపకా నవ్వింది.

“బాపూ, మిగిలిన నాలుగడుగులు గాలిల ఉన్నయి. నీ పడవ ముక్కు కింద మేక మేస్తున్నది!”

దేవదాసు నవ్వలేదు. సుద్ద గీతల మధ్య నడుం మీద చేతులు పెట్టుకుని, నిజంగానే అలల మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు. “ఇంత ఉండాలె. సముద్రం మీదికి పోవద్దా మరి?”

అది 2021 సెప్టెంబరు. ముప్పై ఏళ్ల కిందట దేవదాసు మానేరు ఒడ్డున ఉన్న తన ఊరు విడిచి, సూరత్ వచ్చి మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. పుట్టింది చేపలు పట్టే బెస్తవాళ్ల ఇంట్లో. బతికింది మాత్రం సాంచాలనే ఆ మరమగ్గాల మోతలో. మొదటి లాక్‌డౌన్‌లో కార్ఖానా మూతపడ్డప్పుడు తాపీ నది ఒడ్డున మగ్దల్లాలో ఠాకోర్ భాయ్ అనే జాలరి పడవ మీద కొన్ని నెలలు పనికి పోయాడు. చిన్నప్పుడు నేర్చిన వల విసరడం చేతులు మరిచిపోలేదని అప్పుడే తెలిసింది. తర్వాత సాంచాలు మొదలయ్యాయి, ఆయనా వెనక్కి వచ్చాడు. ఈ ఏడు ఏప్రిల్లో కరోనా పట్టుకుంది. పదిహేడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికి ఇంటికొచ్చాక డాక్టరు ఒకే మాట చెప్పాడు: మగ్గాల దగ్గర లేచే దారపు నూగు ఇక ఆ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

“అయితే నీళ్ల మీదికి పోత,” అన్నాడు దేవదాసు ఆ రోజే. కార్ఖానా నుంచి చేతికొచ్చిన పైసలతో పడవ కొనాలని, దసరాకల్లా అది నీళ్లలో ఉండాలని ఇంట్లో ఖాయమైంది. ఎంత పడవ, ఏ ఇంజిన్ అన్నదే తేలలేదు.

నీరజ తడిబట్టతో చెరిపి, పదహారు అడుగుల పడవ గీసింది. ఆ పిల్ల ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, పర్వత్ పాటియాలో జనరేటర్లు బాగుచేసే షాపులో రెండేళ్లుగా పనిచేస్తోంది. “ఇప్పుడు అందరు వచ్చి ఇందుల కూసోండ్రి. బాపమ్మా, నువ్వు ముందు.”

దేవదాసు తల్లి చిన్నవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గీత తొక్కకుండా జాగ్రత్తగా దాటి లోపల కూర్చుంది. ఆమెకు డెబ్బై రెండేళ్లు. వల చినిగితే అల్లడానికి తాను తప్ప ఎవరూ పనికిరారని, అందుకని తానూ పడవెక్కుతానని మొదటి రోజే చెప్పేసింది. ఆమె వెనక దేవదాసు భార్య నర్సవ్వ కూర్చుంది. చివర ఇంజిన్ దగ్గర దేవదాసు. వల కోసం ఒక బుట్ట, చేపల కోసం ఐసు డబ్బా, పెట్రోలు డబ్బా, నీళ్ల క్యాను పెట్టేసరికి నీరజ నిలబడడానికి చోటు మిగల్లేదు.

“నేను ఈదుకుంట వస్త,” అంది నీరజ.

“ఏమైతదో నాకు తెల్వదు,” అంది నర్సవ్వ భర్త వైపు తిరిగి. “పదిహేడు దినాలు నువ్వు లోపల, నేను దవాఖాన బయట ఉన్న. ఇగ నువ్వొక్కనివే నీళ్ల మీదికి పోతే నేను ఒడ్డు మీద కూసోని చూస్తనా? నలుగురం ఎక్కాలె. నలుగురికి లైఫ్ జాకెట్లు ఉండాలె. ఎన్ని అడుగులన్న గాని.”

డాబా మీద అప్పటికి పదిమంది పోగయ్యారు. ఒకరు ఇరవై రెండంటే ఇంకొకరు పద్దెనిమిదన్నారు. భూదేవి మాత్రం మధ్యలో గుడారం ఉంటే బాగుంటుందని పట్టుబట్టింది.

*

మొదట దేవదాసు మాటే నెగ్గింది. ఆదివారం మగ్దల్లాలో ఠాకోర్ భాయ్ వాళ్లకు అమ్మకానికున్న ఒక పెద్ద ఫైబర్ పడవ చూపించాడు. ఇరవై ఎనిమిది అడుగులు, మధ్యలో డీజిల్ ఇంజిన్. నీరజ మూత తెరిచి చూడగానే కళ్లు మెరిశాయి. ఆ ఇంజిన్ తనకు బాగా తెలిసినదే, జనరేటర్లలో రోజూ చూసేదే. హ్యాండిల్ వేసి తనే తిప్పింది. ఇంజిన్ దడదడమని మొదలైంది. నలుగురూ ఒకేసారి కేక వేశారు.

తాపీ నది మీద వెడల్పుగా, బరువుగా, గేదె నడిచినట్టు సాగింది ఆ పడవ. దూరంగా హజీరా ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపించాయి. దేవదాసు చుక్కాని పట్టుకుని, ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. “చూస్తివా అవ్వా! చెప్తే ఇన్నరా?”

వంతెన దాటి ఒక పాయలోకి తిరిగారు. అక్కడ చేపలు బాగా దొరుకుతాయని దేవదాసుకు తెలుసు. ఒకసారి వల విసిరి చూద్దామన్నాడు, ఇంకోసారి అన్నాడు. ఈలోగా ఓట్ మొదలైంది. సముద్రం నీళ్లు వెనక్కి లాక్కునే వేళను ఇక్కడి జాలర్లు ఓట్ అంటారు. సూరత్‌లో అది ఎంత తొందరగా లాగుతుందంటే, చూస్తుండగానే పడవ కింద నీళ్లు పోయి బురద మిగిలింది. డీజిల్ పడవ లోతు ఎక్కువ. ఒక పక్కకు ఒరిగి కూర్చుండిపోయింది.

“అందరం దిగి నూకుదాం,” అంటూ దేవదాసు మోకాలి లోతు బురదలో దిగాడు. నర్సవ్వా నీరజా అటూ ఇటూ దిగారు. ఠాకోర్ భాయ్ ముక్కు దగ్గర పట్టాడు. “హయిసా!” అని నాలుగుసార్లు తోశారు. పడవ ఇంచు కూడా కదల్లేదు. ఐదోసారికి దేవదాసు తోయడం ఆపి, పడవ అంచుకు నుదురు ఆనించి నిలబడిపోయాడు. ఊపిరి ఈలలా వస్తోంది.

నర్సవ్వ ఆయన్ను పట్టుకుని మెల్లగా పైకెక్కించింది. చిన్నవ్వ కొడుకు వీపు నిమిరి, జొన్నరొట్టె మూట విప్పింది. భర్తీ, అంటే పోటు, వచ్చి నీళ్లు మళ్లీ లేచేదాకా నాలుగు గంటలు ఆ బురదలోనే కూర్చున్నారు.

తింటూ తింటూ దేవదాసే అన్నాడు. “పడవ బాగనే ఉన్నది. మనకే పెద్దగైంది.”

“పెద్దగ కాలే బాపూ, బరువైంది,” అంది నీరజ. ఆమె బురదలో దిగినప్పటి నుంచీ అదే ఆలోచిస్తోంది. “ఓట్‌ల చిక్కితే మనమే నూకుకోవాలె. ఇంకెవలు రారు. మనం నూకగలిగినంత పడవే మన పడవ.”

ఠాకోర్ భాయ్‌కి తెలుగు రాకపోయినా, ఆమె చేతులు తిప్పుతూ చెప్పింది అర్థమైంది. “సాచీ వాత్,” అన్నాడు. నిజమేనని తల ఊపాడు.

*

రెండో ఆదివారం చూసింది పదహారడుగుల పడవ. వెనకాల నలభై హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్, పడవ బయటికి వేలాడేది. దాని యజమాని ఊరు విడిచి వెళ్తున్నాడట, కొన్నవాళ్లకు వెంటనే ఇచ్చేస్తానన్నాడు. దాన్ని చూసి మొదట మనసు పారేసుకుంది నర్సవ్వే. ఎర్ర రంగు, మెరిసే ఇంజిన్. “పెండ్లిపిల్ల తీర్గ ఉన్నది,” అంది.

యజమాని పడవను వదిలేసరికి ముక్కు గాల్లోకి లేచింది. చిన్నవ్వ “ఓ రామా!” అని నీరజను వాటేసుకుంది. ఆ తర్వాత ఆమే “ఇంకా ఉరికియ్యుమను!” అని అరవడం మొదలుపెట్టింది. నీళ్లు రెండు పక్కలా గోడల్లా లేచాయి. నీరజ మాస్కు గాలికి కొట్టుకుపోయింది. ఒక కొంగల గుంపు భయపడి ఒక్కసారిగా లేచింది. ఇంత వేగం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. నర్సవ్వకు కళ్లలో నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతూనే ఉంది.

ఒడ్డు దగ్గరికి రాగానే యజమాని వేగం ఒక్కసారిగా తగ్గించాడు. వెనక నుంచి తమ పడవ లేపిన అలే తరుముకొచ్చింది. అంత బరువు ఇంజిన్‌తో వెనకభాగం అప్పటికే నీళ్లకు జానెడు ఎత్తులో ఉంది. అల దాని మీదుగా లోపలికి దూకింది. రెండో అల ఇంకా పెద్దది. చిన్నవ్వ నడుం దాకా తడిసింది.

“పారబోయుండ్రి!” అని దేవదాసు అరిచాడు. నర్సవ్వ టిఫిన్ డబ్బాలో అన్నం నీళ్లలోకి విసిరేసి, ఆ డబ్బాతోనే తోడిపోయడం మొదలుపెట్టింది. నీరజ చెప్పులతో, దేవదాసు అరచేతులతో తోడారు. ఎలాగో పడవ మునగకుండా ఒడ్డు చేరింది.

ఒడ్డున నిలబడి, తడిసిన చీర పిండుకుంటూ చిన్నవ్వ తీర్పు చెప్పింది. “మస్తుగుండె. గని దీంతోని మనం చేపలు పట్టం, చేపలే మనల పడ్తయి.”

అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక నీరజ ఠాకోర్ భాయ్‌ని పక్కకు తీసుకెళ్లి, ఏ పొడవుకు ఎంత ఇంజిన్ అని గంటసేపు అడిగింది. ఇరవై అడుగుల పడవకు పదిహేను హార్స్‌పవర్ దాకా చాలు, ఇరవై ఐదు దాటితే వెనకభాగం మొయ్యదు అన్నాడాయన. ఇంజిన్ కాలు పొడవు కూడా చూసుకోమన్నాడు. పడవ వెనక గోడ ఎత్తుకు అది పొట్టిదైతే ఫ్యాను నీళ్లకు బదులు గాలి మింగుతుందట.

*

దసరాకు పన్నెండు రోజులున్నాయి. ఠాకోర్ భాయ్ బంధువు ఒకాయన దగ్గర ఇరవై అడుగుల ఫైబర్ పడవ దొరికింది. నీలం రంగు వెలిసిపోయింది, కానీ అడుగు బల్లపరుపు, నడుం వెడల్పు. ఈసారి నీరజ నీళ్లు ఉన్నప్పుడు కాదు, ఓట్ వేళకు అందరినీ తీసుకెళ్లింది.

“ముందు నూకుదాం. కదిలితేనే ఎక్కుదాం.”

ముగ్గురూ పట్టి తోశారు. పడవ బురద మీద జారింది. ఇంకోసారి తోస్తే నీళ్లలోకి పోయింది. నర్సవ్వ గాజులు గలగలమనేలా చప్పట్లు కొట్టింది.

దాని ఇంజిన్ దాదాపు పది హార్స్‌పవర్ది. దాన్ని మొదలుపెట్టాలంటే తాడు పట్టి ఒక్క గుంజు గుంజాలి. దేవదాసు ముందుకొచ్చాడు. గుంజాడు. ఇంజిన్ గుర్రుమని ఆగింది. మళ్లీ గుంజాడు, మళ్లీ ఆగింది. మూడోసారికి దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే తాడు వదల్లేదు.

నర్సవ్వ వచ్చి ఆయన పక్కన నిలబడింది. తాడు లాక్కోలేదు, చెయ్యి మాత్రం చాపింది. దేవదాసు కాసేపు నీళ్ల వంక చూశాడు. తర్వాత తాడు ఆమె చేతిలో పెట్టాడు.

“కాలు గట్టిగ ఆనియ్యి. నడుంతోని గుంజు, చెయ్యితోని గాదు,” అన్నాడు.

నర్సవ్వ కొంగు నడుముకు బిగించింది. పదేళ్లు మూడో అంతస్తుకు బిందెలు మోసిన చేతులు అవి. ఒకే ఒక్క గుంజుకు ఇంజిన్ రయ్యిమంది. ఆమె బిత్తరపోయి తాడునూ ఇంజిన్‌నూ చూసింది. “అయ్యో, అంటుకున్నది! నేనే ముట్టిచ్చిన!”

“నువ్వే ముట్టిచ్చినవ్,” అన్నాడు దేవదాసు. ఆయన ముఖం ఏప్రిల్ తర్వాత అంత వెలిగింది అప్పుడే.

నలుగురూ ఎక్కారు. చిన్నవ్వకు చోటుంది, వలకు చోటుంది, నీరజ నిలబడ్డానికీ చోటుంది. కానీ సముద్రం వైపు పోతున్న నీళ్లకు ఎదురు తిరగ్గానే పడవ పోరాడడం మొదలుపెట్టింది. ఇంజిన్ గొంతు చించుకుంటోంది. ఒడ్డున కరెంటు స్తంభం మాత్రం వాళ్ల పక్కనే నిలబడి ఉంది. ఐదు నిమిషాలైనా అక్కడే ఉంది.

“గా స్తంభం మన ఎంబడి వస్తున్నదా ఏంది?” అంది చిన్నవ్వ.

నీరజ ఇంజిన్ మూతకు చెవి ఆనించి విన్నది. వెనక్కి వచ్చాక రెండు రోజులు షాపులో మేస్త్రీని అడిగింది, ఫోన్‌లో వెతికింది. బుధవారం పొద్దున పనికి పోతూ పోతూ మెట్ల మీది నుంచి వెనక్కి పరిగెత్తుకొచ్చింది.

“బాపూ! అదే ఇంజిన్ల పదిహేనుది ఉన్నది. ఒళ్లు అదే, బరువు అదే. అమ్మ గుంజే తాడు గూడ అట్లనే ఉంటది. బలమే ఎక్కువ!”

“బరువు అదేనా? పక్కానా?”

“పక్కా. మేస్త్రీ కంపెనీ కాగితం చూపిచ్చిండు.”

దేవదాసు కూర్చున్నవాడు లేచాడు. “అయితే అదే. ఇరవై అడుగులు, పదిహేను.” ఆ అంకెలు రెండుసార్లు పైకి చెప్పుకున్నాడు. పెద్ద పడవ మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు.

ఇంజిన్ వచ్చిన రోజు నీరజే దాన్ని బిగించింది. కాలు పొడవు మూరతో, టేపుతో, మళ్లీ మూరతో కొలిచింది. కాగితాల మీద పడవ దేవదాసు పేరుకు మారింది.

*

దసరా పొద్దున ఠాకోర్ భాయ్, ఇక్కడివాళ్లు పండక్కి తప్పక తినే ఫాఫడా, జలేబీ పొట్లాలతో ఒడ్డుకు వచ్చాడు. చిన్నవ్వ ఇంజిన్‌కు పసుపు కుంకుమ పెట్టింది. నారింజ రంగు లైఫ్ జాకెట్ చీర మీద తొడుక్కుని, మాస్కు పెట్టుకుని అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నదీ ఆమే.

నర్సవ్వ తాడు గుంజింది. పడవ పాయ దాటి, నది వెడల్పులోకి వచ్చి, నీళ్లకు ఎదురు తిరిగింది. నీరజ ఊపిరి బిగబట్టి ఒడ్డు వైపే చూస్తోంది. కరెంటు స్తంభం దగ్గరికి వచ్చింది, పక్కకు వచ్చింది, వెనక్కి పోయింది.

“పోయింది! పోయింది!” అని ఎగిరింది నీరజ. పడవ ఊగితే ముగ్గురూ కలిసి తిట్టారు.

దేవదాసు వల భుజాన వేసుకుని ముక్కు దగ్గర నిలబడ్డాడు. గాలి ఉప్పగా, తేటగా వస్తోంది. నిండుగా పీల్చాడు. దగ్గు రాలేదు. నడుం తిప్పి వల విసిరితే అది గొడుగులా విచ్చుకుని నీళ్ల మీద పడింది. లాగేటప్పుడు నీరజ వచ్చి చెయ్యి వేసింది. వలలో ఇక్కడివాళ్లు బోయి అనే వెండి రంగు చేపలు తళతళమని కొట్టుకుంటున్నాయి, నడుమ గుప్పెడు రొయ్యలు, ఒక కోపిష్టి ఎండ్రికాయ. చిన్నవ్వ ఒక్కొక్కటే పేరు పెట్టి బుట్టలో వేసింది. పేరు తెలియనివాటికి తానే కొత్త పేర్లు పెట్టింది.

ఎండ ఎక్కాక దేవదాసు అన్నాడు, “ఇగ మళ్లుదాం. ఓట్ మొదలైతది.”

ఇంజిన్ పిడి పట్టుకుని కూర్చున్న నర్సవ్వ వినిపించుకోలేదు. కొంగు ఎగురుతుంటే పళ్ల మధ్య పట్టుకుని, నది మధ్యలో పడవను గుండ్రంగా తిప్పుతోంది.

“ఏమే, నీతోనే! మలుపు!”

“జర ఆగయ్యా,” అంది నర్సవ్వ, పిడి ఇంకొంచెం తిప్పుతూ. “గిప్పుడిప్పుడే చేతికొస్తున్నది. ఇంకొక్క చుట్టు.”