కప్పు అంచున కూచున్నవాడు

డెబ్బై నాలుగులో హనుమాన్ జంక్షన్‌లో మేడ కడుతూ, మా మామగారు కప్పు అంచుకి చైనా రాజభవనం మీద వరసగా ఉండేలాంటి బొమ్మలు కావాలన్నారు. సిమెంటు బొమ్మలు చేసే కాశీరావు నన్ను పైకి పిలిచి పుస్తకంలో ఫొటో చూపించాడు.

"అమ్మగారూ, చిట్టచివర కోడి మీద కూచున్నవాడు ఎవరండీ?"

నా బి.ఏ. ఇందుకైనా పనికొచ్చిందనుకుంటూ, కింద ఇంగ్లీషులో ఉన్నది చదివి చెప్పాను. "చెడ్డ రాజట. ముందుకు కదిలితే కింద పడతాడు. వెనక్కి తిరిగితే వరసగా మృగాలు."

"పాపం, ఎటూ పోలేడన్నమాట!"

"పనివాడితో ముచ్చట్లేంటే?" అత్తగారు మెట్లెక్కి వచ్చారు. ఆవిడ వెనక మా ఆయన, ఆయన వెనక ఇద్దరు మరుదులు వరసగా నిలబడ్డారు. నా వెనక పిట్టగోడ ఇంకా కట్టలేదు.

"కాశీరావూ, వాడికి మీసం వద్దు. ముక్కుపుడక పెట్టు" అన్నాను.